స్క్రీనింగ్ కార్యక్రమంలో చట్టపరమైన అధికారాల అప్పగింత: ఉత్తర్వు ఎలా రాయాలి, ఎక్కడ చెడుతుంది

జిల్లా వైద్యారోగ్య కార్యాలయాల్లో అధికారాల అప్పగింత చాలాసార్లు పాత ఫైలుతోనే మొదలవుతుంది. పోయినేడాది ప్రొసీడింగ్స్ తీస్తారు, తేదీలూ పేర్లూ మారుస్తారు, "కింది అధికారులకు ఇందుమూలంగా అధికారం ఇవ్వడమైనది" అన్న వాక్యం అలాగే ఉంచి సంతకానికి పెడతారు. క్యాంపులు సాఫీగా నడిచినన్నాళ్లూ ఆ కాగితం జోలికి ఎవరూ వెళ్లరు. సోదా జరిగిన ఒక స్కానింగ్ కేంద్రం కోర్టుకెక్కిన రోజున మాత్రం ఎదుటి లాయరు మొట్టమొదట అడిగేది అదే. కేంద్రంలో తప్పు జరిగిందా లేదా అన్నది తర్వాతి సంగతి. సోదా చేయడానికి నీకు అధికారం ఎవరిచ్చారు, ఇవ్వడానికి వాళ్లకు ఎక్కడిది అన్న రెండు ప్రశ్నల దగ్గరే కేసు పడిపోవచ్చు.

కింద చెప్పేది డీఎంహెచ్‌వో (జిల్లా వైద్యారోగ్య అధికారి) కార్యాలయ సిబ్బందికి, ప్రోగ్రాం అధికారులకు, పీహెచ్‌సీ వైద్యాధికారులకు పనికొచ్చేలా రాసింది. ఉదాహరణలు ఎక్కువగా మన దేశ చట్టాల నుంచే తీసుకున్నాం.

ముందు మూడు కుప్పలు పోయండి

కార్యక్రమంలో ఎవరెవరు ఏమేం చేస్తారో ఒక తెల్లకాగితం మీద వరుసగా రాయండి. ఇంటింటి సర్వే దగ్గర మొదలుపెట్టి రిఫరల్ దాకా, రిపోర్టు అప్‌లోడ్ దాకా ఏదీ వదలొద్దు. తర్వాత ఒక్కో అంశాన్నీ మూడు కుప్పల్లో ఏదో ఒకదాంట్లో వేయండి.

మొదటి కుప్ప, ఉత్త పని. ఆశా కార్యకర్త 30 ఏళ్లు దాటినవారికి సీబ్యాక్ ఫారం (జబ్బు ముప్పును అంచనా వేసే ప్రశ్నావళి) నింపడం, స్కోరు 4 దాటినవారిని ముందుగా పరీక్షకు పంపడం, ఏఎన్‌ఎం బీపీ, షుగర్ చూడటం లాంటివి. ఏ చట్టమూ వీటిని ఒక ప్రత్యేక అధికారి చేతిలో పెట్టలేదు. డ్యూటీ చార్టు వేస్తే చాలు. వీటికి కూడా "అధికారం అప్పగింత" అని ప్రొసీడింగ్స్ ఇచ్చే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దానివల్ల లాభం లేదు, నష్టం ఉంది: రేపు ఆ ఉత్తర్వు గడువు తీరిందనుకోండి, అప్పటిదాకా హాయిగా జరిగిన పనికి లేని లోపం పుట్టుకొస్తుంది.

రెండో కుప్ప, వైద్యపరమైన అనుమతి. స్టాఫ్ నర్సు వీఐఏ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అనుమానాన్ని చూసే) పరీక్ష చేయడం, ఉపకేంద్రంలో బీపీ మాత్రలు కొనసాగించి ఇవ్వడం, సికిల్ సెల్ సాల్యుబిలిటీ పరీక్షలో పాజిటివ్ వచ్చినవారిని నిర్ధారణ కోసం హెచ్‌పీఎల్‌సీ ల్యాబ్ పరీక్షకు పంపడం. ఇక్కడ చట్టం ఉంది, కానీ అది "ఫలానా అధికారి ఆదేశించవచ్చు" అనే తరహా చట్టం కాదు. వృత్తి రిజిస్ట్రేషన్, మందుల నియమాలు, జాతీయ కార్యక్రమ మార్గదర్శకాలు కలిసి గీసిన గీత అది. దీనికి కావలసింది స్టాండింగ్ ఆర్డరు, అంటే ఏ పరిస్థితిలో ఎవరు ఏం చేయాలో వైద్యాధికారి ముందే రాసిపెట్టే ఉత్తర్వు.

మూడో కుప్ప, అసలు చట్టపరమైన అధికారం. సెక్షన్‌లో "అథారిటీ సోదా చేయవచ్చు", "ప్రభుత్వం ఎవరినైనా నియోగించవచ్చు", "ఫలానా అధికారి ఫిర్యాదు మీదే కోర్టు విచారణకు తీసుకోవాలి" అని రాసి ఉన్నవి. సంఖ్యలో ఇవి నాలుగైదుకు మించవు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వీటి గురించే, ఎందుకంటే తలనొప్పి ఇక్కడే.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. డెలిగేషన్‌ను, అంటే ఈ అప్పగింతను, మనం "అధికార బదలాయింపు" అంటాం. ఆ తెలుగు మాట కాస్త తప్పుదారి పట్టిస్తుంది. బదలాయింపు అంటే పొలం రిజిస్ట్రేషన్‌లాగా ఇచ్చినవాడి చేతిలోంచి పోయిందని ధ్వని. చట్టం దృష్టిలో అలా పోదు. 1890 నాటి ఇంగ్లండు కేసు హుత్ వర్సెస్ క్లార్క్‌లో ఇదే తేలింది. పిచ్చికుక్కల బెడద మీద చర్యలు తీసుకునే అధికారాన్ని కార్యనిర్వాహక కమిటీ ఉపకమిటీకి ఇచ్చింది, తర్వాత తానే నేరుగా కుక్కల మూతికి చిక్కం కట్టాలని ఉత్తర్వు వేసింది. ఆ ఉత్తర్వు చెల్లుతుందని కోర్టు చెప్పింది, ఎందుకంటే అప్పగించినంత మాత్రాన అధికారం వదులుకున్నట్టు కాదు. అంటే అప్పగించిన అధికారి తర్వాత కూడా తానే ఆ పని చేయవచ్చు, బాధ్యత నుంచి తప్పించుకోనూ లేరు.

సెక్షన్‌ను చదవడం

మూడో కుప్పలోని ప్రతి అంశానికీ సెక్షన్ నకలు తీసి పక్కన పెట్టుకోండి. సర్క్యులర్ కాదు, మార్గదర్శకాల పుస్తకం కాదు, సెక్షనే. అందులో నాలుగు సంగతులు వెతకాలి. అధికారం ఎవరి పేరున ఉంది? మరొకరికి ఇచ్చే వీలు మాటల్లో ఉందా? ఇస్తే ఎలాంటివారికి ఇవ్వాలి? ఏ రూపంలో ఇవ్వాలి, అంటే నోటిఫికేషనా, సాధారణ ఉత్తర్వా, రాతపూర్వకంగా ఉంటే చాలా?

గర్భిణుల స్క్రీనింగులో టిఫా స్కాన్లు (గర్భస్థ శిశువులో లోపాలు చూసే అల్ట్రాసౌండ్) ఉంటాయి కాబట్టి పీసీపీఎన్‌డీటీ చట్టం, 1994 (గర్భస్థ లింగనిర్ధారణను నిషేధించే చట్టం) ఎప్పుడూ పక్కనే ఉంటుంది. ఈ నాలుగు ప్రశ్నలకు దీన్ని మించిన పాఠం లేదు. ఒకే చట్టంలో మూడు సెక్షన్లు మూడు రకాలుగా మాట్లాడతాయి.

28వ సెక్షన్: కోర్టు కేసు విచారణకు తీసుకోవాలంటే అప్రోప్రియేట్ అథారిటీ (ఈ చట్టం అమలుకు నియమితులైనవారు) ఫిర్యాదు చేయాలి, లేదా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వం గానీ ఆ అథారిటీ గానీ ఇందుకోసం అధికారం ఇచ్చిన అధికారి చేయాలి. అథారిటీకి కనీసం 15 రోజుల నోటీసు ఇచ్చిన వ్యక్తి కూడా ఫిర్యాదు చేయవచ్చు, ఆ దారి వేరు. ఇక్కడ అథారిటీ తన అధికారాన్ని నేరుగా ఒక అధికారికి ఇవ్వవచ్చు, సెక్షనే ఒప్పుకుంది.

30వ సెక్షన్: నేరం జరిగిందని, జరుగుతోందని అథారిటీ "నమ్మడానికి కారణం ఉంటే" ఆ అథారిటీ గానీ, అధికారం పొందిన అధికారి గానీ ప్రవేశించి సోదా చేయవచ్చు. జాగ్రత్తగా చూడండి. సోదా చేసే చేయి మారవచ్చు, నమ్మకం మాత్రం అథారిటీదే. అందుకే "జిల్లాలోని ఏ కేంద్రాన్నైనా ఎప్పుడైనా సోదా చేయవచ్చు" అని ఏడాది పొడవునా చెల్లేలా ఇచ్చే టోకు ఉత్తర్వు బలహీనమైనది. ఆ కేంద్రం గురించి అథారిటీ ఏం తెలుసుకుంది, ఎందుకు నమ్మింది అన్నది సోదాకు ముందే ఫైల్లో ఉండాలి. సోదా తర్వాత రాసిన నోట్‌కు ఇంకు ఆరకముందే అనుమానం పుడుతుంది.

20వ సెక్షన్: రిజిస్ట్రేషన్ సస్పెన్షన్, రద్దు. షోకాజ్ నోటీసు, సంజాయిషీకి అవకాశం, సలహా కమిటీ అభిప్రాయం, ఆ తర్వాత నిర్ణయం. ప్రజాప్రయోజనం కోసం నోటీసు లేకుండా సస్పెండ్ చేయాలంటే కారణాలు రాసి మరీ చేయాలి. "అధికారం పొందిన అధికారి" అన్న మాట ఈ సెక్షన్‌లో లేదు. 28లోనూ 30లోనూ పెట్టి ఇక్కడ పెట్టలేదంటే, మరచిపోయారని కాదు, వద్దనుకున్నారని చదువుకోవాలి. డిప్యూటీ డీఎంహెచ్‌వో సంతకంతో సస్పెన్షన్ ఉత్తర్వు వెళ్లిందంటే అప్పీలుకు మెట్లు మనమే కట్టిచ్చినట్టు.

ఇంకో గొయ్యి: అథారిటీ అంటే ఒక మనిషేనా? 17వ సెక్షన్ ప్రకారం రాష్ట్రస్థాయి అథారిటీలో ముగ్గురు ఉంటారు: జాయింట్ డైరెక్టర్ స్థాయికి తగ్గని ఆరోగ్యశాఖ అధికారి అధ్యక్షులుగా, మహిళా సంస్థ ప్రతినిధి ఒకరు, న్యాయశాఖ అధికారి ఒకరు. జిల్లాస్థాయిలో ఎవరన్నది మీ రాష్ట్ర నోటిఫికేషన్ చెబుతుంది. అందులో ఒకరికి మించి ఉంటే నిర్ణయం అందరూ కలిసి తీసుకోవాలి. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు రవీందర్ కుమార్ వర్సెస్ హర్యానా కేసులో ఈ కారణం మీదే ప్రాసిక్యూషన్‌ను కొట్టేసింది. ముగ్గురు సభ్యులున్న జిల్లా అథారిటీలో సివిల్ సర్జన్ ఒక్కరే సోదాకు ఆదేశించారు. మిగతా ఇద్దరి నిర్ణయం ఫైల్లో లేదు. కాబట్టి సమావేశపు మినిట్స్ సోదా ఉత్తర్వు కంటే ముందు తేదీతో, సభ్యుల సంతకాలతో ఉండాలి. అర్జెంటైతే ఒకే నోట్ మీద ముగ్గురి చేతా అభిప్రాయం రాయించి సంతకాలు తీసుకోవాలి. ఫోన్లో "సరే" అన్నారన్న మాట కోర్టులో నిలవదు.

చేతులు మారుతూ పోకూడదు

అప్పగింత పొందినవారు మళ్లీ ఇంకొకరికి అప్పగించడం, అంటే సబ్-డెలిగేషన్, ఈ రంగంలో అతి మామూలు తప్పు. జిల్లా నుంచి డివిజన్‌కు, డివిజన్ నుంచి పీహెచ్‌సీకి, అక్కణ్నుంచి సూపర్‌వైజరుకు ఒక మెమో వెంట ఒకటి జారిపోతుంది. ప్రతి మెమోలోనూ పై మెమో నంబరు ఉంటుంది కాబట్టి గొలుసు గట్టిగా ఉందనిపిస్తుంది. కానీ సెక్షన్ ఒక్క అడుగుకే ఒప్పుకుంటే రెండో అడుగు దగ్గరే గొలుసు తెగినట్టు.

రెండు తీర్పులు గుర్తు పెట్టుకుంటే చాలు. ఏ.కె. రాయ్ వర్సెస్ పంజాబ్ (1986) ఆహార కల్తీ నిరోధక చట్టం కేసు. ప్రాసిక్యూషన్‌కు ఎవరిని అనుమతించాలో నిర్ణయించే అధికారాన్ని ఆ చట్టం 20వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. రాష్ట్రం ఒక నియమం ద్వారా దాన్ని ఫుడ్ హెల్త్ అథారిటీకి ఇచ్చింది, ఆ అథారిటీ ఫుడ్ ఇన్‌స్పెక్టరుకు ఇచ్చింది. ఇన్‌స్పెక్టరు వేసిన కేసు చెల్లలేదు. చట్టం ఒక పనిని ఒక పద్ధతిలో చేయమంటే ఆ పద్ధతిలోనే చేయాలి, లేదా మానుకోవాలి అన్న సూత్రాన్ని కోర్టు మళ్లీ చెప్పింది. రెండోది సాహ్ని సిల్క్ మిల్స్ వర్సెస్ ఈఎస్ఐ కార్పొరేషన్ (1994). అక్కడ తీర్మానంలో "డైరెక్టర్ జనరల్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన మరే అధికారి గానీ" అని రాశారు. మొదటి సగం చెల్లింది. "ఆయన అధికారం ఇచ్చిన" అన్న రెండో సగానికి చట్టంలో చోటు లేదని కోర్టు తేల్చింది.

ఆ రెండో సగం లాంటి వాక్యం మన ప్రొసీడింగ్స్‌లో ఎన్నిసార్లు కనిపిస్తుందో ఒకసారి పాత ఫైళ్లు తిరగేయండి. "లేదా వారి ప్రతినిధి" అన్న మూడు మాటలు రాయడానికి అర నిమిషం పట్టదు. తర్వాత కేసులు ఎందుకు పోయాయో వెతుక్కోవడానికి ఏళ్లు పడుతుంది.

అధికారం రాష్ట్ర ప్రభుత్వం పేరున ఉంటే ఇంకో మెలిక. ప్రభుత్వం అంటే డైరెక్టరు కాదు. అది గవర్నరు ఉత్తర్వు మేరకు, ఆయన పేరిట జారీ అయ్యే జీవో రూపంలో రావాలి. డైరెక్టరేట్ మెమో ఆ స్థానాన్ని భర్తీ చేయదు. మంత్రి తరఫున శాఖాధికారులు నిర్ణయించవచ్చన్న 1943 నాటి కార్ల్‌టోనా సూత్రం ఉంది కదా అని కొందరంటారు. అది మంత్రిత్వ శాఖల పని గురించి చెప్పింది. చట్టం పేరు పెట్టి, పదవి చెప్పి ఒక అధికారికి ఇచ్చినదాన్ని జిల్లా ఆఫీసులో పంచిపెట్టుకోవడానికి దాన్ని నమ్ముకోవద్దు.

అప్పగించే వీలు లేకపోతే

సెక్షన్ దారి ఇవ్వకపోయినా పని ఆగనక్కర్లేదు. నిర్ణయం వేరు, దానికి కావలసిన సరుకు పోగుచేయడం వేరు. ప్రద్యత్ కుమార్ బోస్ వర్సెస్ కలకత్తా ప్రధాన న్యాయమూర్తి (1956) కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: నిర్ణయించాల్సిన అధికారి విచారణను మరొకరి చేత చేయించుకోవచ్చు, చివరి నిర్ణయం మాత్రం తన బుద్ధితో తాను తీసుకోవాలి.

ఆచరణలో ఇలా. కింది అధికారి రిపోర్టులో జరిగింది మాత్రమే రాయాలి: ఎప్పుడు వెళ్లారు, ఏ రిజిస్టరులో ఏం కనిపించింది, ఎవరు ఏం చెప్పారు. "సస్పెండ్ చేయవచ్చు" అన్న సిఫార్సు విడి పేరాలో పెట్టాలి. పైఅధికారి ఫైలు మీద "అప్రూవ్డ్" అని గిలికితే అది ఆయన నిర్ణయమని చూపడం కష్టం. రెండు మూడు వాక్యాలైనా సొంతంగా రాయాలి: ఏ వాస్తవాన్ని నమ్మారు, సంజాయిషీని ఎందుకు ఒప్పుకోలేదు, ఏ చర్య సరిపోతుందనుకున్నారు.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. అధికారం చట్టబద్ధంగానే డిప్యూటీకి వచ్చింది, కానీ ఆయన పైనుంచి ఫోన్ వస్తేనే సంతకం పెడతారు. బొంబాయి పోలీసు కమిషనర్ వర్సెస్ గోర్ధన్‌దాస్ భాన్‌జీ (1951) కేసులో అనుమతి రద్దు చేసింది కమిషనరే అయినా, ప్రభుత్వం చెప్పింది కాబట్టి చేశారని తేలి ఆ రద్దు నిలవలేదు. అధికారం ఎవరి చేతిలో ఉంటే ఆలోచన కూడా వారిదే అయి ఉండాలి. "పైవారి ఆదేశాల మేరకు" అన్న మామూలు మాటను ఇలాంటి ఉత్తర్వుల్లో రాయనే రాయకండి.

ఉత్తర్వు రాత

రాసేటప్పుడు ఏ సెక్షన్ కింద ఇస్తున్నారో ఉపసెక్షన్‌తో సహా మొదటి వాక్యంలోనే ఉండాలి. "సంబంధిత చట్టాల కింద" అంటే ఏ చట్టం కిందా కాదు. సోదా అధికారానికి ఒక నమూనా:

"పీసీపీఎన్‌డీటీ చట్టం, 1994లోని 30వ సెక్షన్ 1వ ఉపసెక్షన్ కింద, ఫలానా తేదీ సమావేశంలో జిల్లా అప్రోప్రియేట్ అథారిటీ సభ్యులందరూ కలిసి తీసుకున్న నిర్ణయం మేరకు, ఫలానా డివిజన్ డిప్యూటీ డీఎంహెచ్‌వో పదవిలో ఉన్న అధికారికి, ఫలానా చిరునామాలోని కేంద్రంలో ప్రవేశించి సోదా చేయడానికి, ఆ చట్టం కింది నియమాల్లో 12వ నియమం చెప్పిన పద్ధతిలో రికార్డులు, వస్తువులు స్వాధీనం చేసుకుని సీలు వేయడానికి అధికారం ఇవ్వడమైనది. ఈ అధికారాన్ని మరొకరికి అప్పగించరాదు. రిజిస్ట్రేషన్ సస్పెన్షన్, రద్దు ఇందులో చేరవు. ఈ ఉత్తర్వు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, లేదా అంతకుముందే ఉపసంహరించే వరకు అమల్లో ఉంటుంది."

ఇందులో ప్రతి ముక్కకూ పని ఉంది. "పదవిలో ఉన్న అధికారికి" అన్నందువల్ల బదిలీ అయినప్పుడల్లా కొత్త ఉత్తర్వు అక్కర్లేదు. పేరుతో గానీ పదవితో గానీ నియమించవచ్చని జనరల్ క్లాజెస్ చట్టం, 1897లోని 15వ సెక్షన్ చెబుతుంది. పేరు రాస్తే ఆ మనిషి రిలీవ్ అయిన సాయంత్రానికి అధికారం ఎవరి దగ్గర ఉందన్న ప్రశ్న మొదలవుతుంది. ప్రత్యేక శిక్షణ అవసరమైన వీఐఏ లాంటి పనులకు మాత్రం తిరగబడుతుంది: అక్కడ పదవి కంటే మనిషి ముఖ్యం, పేరే రాయాలి.

పూర్తి అదనపు బాధ్యతలు, అంటే ఎఫ్ఏసీ మీద ఉన్నవారి సంగతి తరచూ అడుగుతారు. పైఅధికారి స్థానంలో చట్టబద్ధంగా ఆ పదవి విధులు నిర్వహిస్తున్నవారికీ ఆ అధికారాలు వర్తిస్తాయన్నది జనరల్ క్లాజెస్ చట్టం 19వ సెక్షన్. ఇందులో "చట్టబద్ధంగా" అన్నదే కీలకం. ఎఫ్ఏసీ ఉత్తర్వు ఉండాలి, చార్జి తీసుకున్న రికార్డు ఉండాలి. సారు సెలవులో ఉన్నారని పక్క సీటు ఆయన సంతకం పెడితే ఈ సెక్షన్ కాపాడదు. ఇది కేంద్ర చట్టాలకు. రాష్ట్ర చట్టాలకు, ఉదాహరణకు ఆంధ్ర ప్రాంతంలో 1939 నాటి ప్రజారోగ్య చట్టానికి, రాష్ట్ర జనరల్ క్లాజెస్ చట్టం చూడాలి.

గ్రహీత, అంటే అధికారం పొందేవారు, ఎవరన్న దగ్గర మాటలు తూచి చదవండి. పీసీపీఎన్‌డీటీ 30వ సెక్షన్ "అధికారి" అంటుంది. కాంట్రాక్టు మీద ఉన్న జిల్లా కన్సల్టెంటు, ఎన్జీవో కోఆర్డినేటరు సోదా బృందంలో సాయంగా వెళ్లవచ్చు, జాబితా రాసిపెట్టవచ్చు. ఉత్తర్వులో అధికారం పొందినవారిగా వాళ్లను చూపితే ఎదుటివారికి వాదన దొరికినట్టే. పోల్చి చూడటానికి, అంటువ్యాధుల చట్టం, 1897లోని 2వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వం "ఏ వ్యక్తినైనా" నియోగించవచ్చంటుంది. రైళ్లలోనూ మరో రకంగానూ ప్రయాణించేవారిని పరీక్షించడం, తనిఖీ అధికారికి అనుమానం ఉన్నవారిని వేరుగా ఉంచడం ఆ సెక్షన్‌లోనే ఉన్నాయి. 2020 మార్చిలో రెండు తెలుగు రాష్ట్రాలూ కోవిడ్ నిబంధనలు తెచ్చింది ఈ చట్టం కిందే. అక్కడ గ్రహీత పరిధి విశాలం, ఇచ్చేవారు మాత్రం ప్రభుత్వమే.

ఆ నిబంధనల ఉల్లంఘన మీద కేసు పెట్టాలంటే ఇంకో మెట్టుంది. ప్రభుత్వోద్యోగి ఉత్తర్వును ధిక్కరించిన నేరం గతంలో ఐపీసీ 188, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 223. దాన్ని కోర్టు విచారణకు తీసుకోవాలంటే సంబంధిత ప్రభుత్వోద్యోగి గానీ, ఆయన పైఅధికారి గానీ రాతపూర్వక ఫిర్యాదు చేయాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 215వ సెక్షన్ వీరితోపాటు, ఆ ఉద్యోగి అధికారం ఇచ్చిన మరో ప్రభుత్వోద్యోగినీ చేర్చింది. అంటే ఇప్పుడు ఫిర్యాదు చేసే పనిని అప్పగించవచ్చు. కానీ ఆ అధికారపత్రం ఫిర్యాదు కంటే ముందు తేదీతో ఉండాలి, దాని నకలు ఫిర్యాదుకు జతపరచాలి.

సోదా రోజున అధికారి చేతిలో ఉత్తర్వు సంతకం కాపీ, గుర్తింపు కార్డు ఉండాలి. స్వాధీనం చేసుకున్నవాటి జాబితా అక్కడే రెండు ప్రతులు రాయాలి, ప్రతి పేజీ మీద అధికారి, సాక్షులు సంతకం చేయాలి. అక్కడ వీలుకాకపోతే ఆ కారణం రాసిపెట్టి, సాక్షుల ఎదుటే వేరేచోట రాయవచ్చు, అంతే తప్ప ఊరికే ఆఫీసుకొచ్చి టైపు చేయించి పంపడం కుదరదు.

స్టాండింగ్ ఆర్డరు, మందులు

రెండో కుప్పకు వస్తే, ఇక్కడ ఉత్తర్వు పొడుగు కంటే అంకెలు ముఖ్యం. బీపీ 140/90 దాటితే, ర్యాండమ్ షుగర్ 140 మిల్లీగ్రాములు దాటితే వైద్యాధికారికి పంపాలి అని రాయండి. "ఎక్కువగా ఉంటే" అని రాయొద్దు. ఎవరు చేయవచ్చు, ఏ శిక్షణ పూర్తయి ఉండాలి, ఏ ఫలితం దగ్గర తప్పక ఆగాలి, ఆగాక ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఒక పేజీలో పట్టాలి. వైద్యాధికారి సంతకం, తేదీ, సమీక్ష తేదీ అడుగున. వైద్యాధికారి మారితే కొత్తవారు చదివి మళ్లీ సంతకం చేయాలి, ఎందుకంటే ఇది పదవి అధికారం కాదు, ఆ డాక్టరు వృత్తి బాధ్యత.

మందుల విషయంలో రెండు అపోహలున్నాయి. డ్రగ్స్ రూల్స్ షెడ్యూల్ కె లోని 23వ అంశం, ప్రభుత్వ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ కార్యక్రమాల్లో ఏఎన్‌ఎంలు, బహుళార్థ ఆరోగ్య కార్యకర్తలు, అంగన్‌వాడీ కార్యకర్తల వంటివారు మందులు అందించడానికి అమ్మకపు లైసెన్సు అక్కర్లేదని మినహాయిస్తుంది. అది మందు చేతికివ్వడానికి మినహాయింపు. ఏ మందు ఇవ్వాలో రాసే అధికారం కాదు. ఇక జాతీయ మెడికల్ కమిషన్ చట్టం, 2019లోని 32వ సెక్షన్ కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్‌కు పరిమిత లైసెన్సు గురించి మాట్లాడుతుంది. ఉపకేంద్రంలో ఉన్న కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు అన్న హోదా, ఆ లైసెన్సూ ఒకటి కావు. పేర్లు దగ్గరగా ఉన్నంత మాత్రాన స్టాండింగ్ ఆర్డర్లో ఆ సెక్షన్ ఉటంకించవద్దు.

ఎవరూ అప్పగించలేనిది

సమ్మతి. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం, 2017లోని 5వ సెక్షన్ ప్రకారం పరీక్షకు ఆ మనిషి తెలిసి ఇచ్చిన సమ్మతి కావాలి, పరీక్షకు ముందూ తర్వాతా కౌన్సెలింగ్ అందులో భాగం. లైసెన్సున్న బ్లడ్ బ్యాంకులో రక్తం స్క్రీనింగ్, ఎవరిదో తెలియకుండా చేసే సర్వేలెన్స్ పరీక్ష లాంటి కొన్నిటికే 6వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. గ్రామ సభ తీర్మానం, కంపెనీ హెచ్ఆర్ జాబితా ఆ మనిషి సమ్మతికి బదులు కావు. కలెక్టరు ఉత్తర్వు ఇచ్చినా కావు. ఇచ్చే హక్కు ఎవరిదో వారి దగ్గరే తీసుకోవాలి. సమ్మతి తీసుకునే పనిని కౌన్సెలరుకు అప్పగించవచ్చు, సమ్మతి ఇచ్చే పనిని ఎవరికీ అప్పగించలేం. ఫలితం ఎవరికి చెప్పాలన్నదీ అంతే. 8వ సెక్షన్ ఫలితాన్ని కాపాడుతుంది కాబట్టి క్యాంపు లైన్ లిస్టును (పేర్లవారీ ఫలితాల జాబితాను) వాట్సాప్ గ్రూపులో పెట్టమని ఏ ప్రొసీడింగ్సూ అధికారం ఇవ్వలేదు.

తప్పు బయటపడితే

అధికారం లేకుండా చేసిన పనిని తర్వాత "ధ్రువీకరిస్తున్నాం" అని ఉత్తర్వు వేసి బతికించబోవడం మొదటి ఆలోచనగా వస్తుంది. పాత తేదీ నుంచి అమలు అని రాయడం అంతకంటే ప్రమాదం. సరైన అధికారి ఫైలు మొదటి నుంచి చూసి, చట్టం వీలిస్తే అధికారాన్ని తానే కొత్తగా వినియోగించాలి. కొత్త నోటీసు, కొత్త తేదీ, కొత్త కారణాలు. పాత ఉత్తర్వును విడిగా ఉపసంహరించాలి. ఉత్తర్వు వేసే అధికారంలోనే సవరించే, రద్దుచేసే అధికారమూ ఉందన్నది జనరల్ క్లాజెస్ చట్టం 21వ సెక్షన్.

గోకరాజు రంగరాజు వర్సెస్ ఆంధ్రప్రదేశ్ (1981) తీర్పును కొందరు ఇక్కడ అడ్డం పెట్టుకుంటారు. నియామకంలో లోపమున్నా, ఆ పదవిలో కూర్చున్న జడ్జి ఇచ్చిన తీర్పులు చెల్లుతాయని అందులో తేలింది. అది నియామకంలో లోపం ఉన్న కేసు. పదవి సరిగానే ఉండి, ఆ పదవికి ఈ అధికారమే లేకపోతే ఆ తీర్పు ఆదుకోదు.

రిజిస్టరు

ఒక్క పుస్తకం చాలు. ఉత్తర్వు నంబరు, సెక్షన్, ఇచ్చింది ఎవరు, పుచ్చుకున్న పదవి, మినహాయింపులు, మొదలు, గడువు, ఉపసంహరణ తేదీ. అప్పగింత కింద ఏదైనా చేసినప్పుడు గ్రహీత తన సొంత హోదాతోనే సంతకం చేసి, కింద ఆ ఉత్తర్వు నంబరు వేయాలి. పైఅధికారి పేరు మీద "ఫర్" అని పెట్టే సంతకం, ఎవరు నిర్ణయించారన్నదాన్ని మసకబరుస్తుంది. ఆరు నెలలకోసారి పుస్తకం తిరగేసి, చట్టం సవరించారా, నోటిఫికేషన్ మారిందా, అథారిటీలో సభ్యుడి ఖాళీ ఉందా చూసుకోవాలి. చట్టం పోయి కొత్తది వస్తే పాత ఉత్తర్వులు కొత్తదానికి విరుద్ధం కానంత వరకు జనరల్ క్లాజెస్ చట్టం 24వ సెక్షన్ కింద కొనసాగుతాయి, అయినా కొత్త సెక్షన్ నంబరుతో మళ్లీ జారీ చేయడమే మేలు. బదిలీ అయి వెళ్లేటప్పుడు చార్జి జాబితాలో తాళాలు, వాహనం లాగ్‌బుక్ పక్కన ఈ రిజిస్టరునూ చేర్చి, కొత్తవారి సంతకం తీసుకోండి.